చర్మంలో చెట్టును చూసిన లాంగర్‌హాన్స్

 

పోయిన నెల ల్యాబులో ఉల్లిపొర బొమ్మ వెయ్యమంటే, నేను మైక్రోస్కోపులో సరిగ్గా చూడకుండానే పుస్తకంలో బొమ్మను రికార్డులోకి దించేశాను. సారు కనిపెట్టేశారు. తిట్టలేదు గానీ, పాల్ లాంగర్‌హాన్స్ జీవితం చదివి గోడపత్రికకు రాయమన్నారు. ఎందుకో చదివాక తెలిసింది.

క్లోమంలో లాంగర్‌హాన్స్ పుటికలు ఉంటాయని పరీక్షకు బట్టీ పట్టాం కదా, ఆ పేరు ఈయనదే. ఆయన 1847 జూలై 25న బెర్లిన్ నగరంలో పుట్టారు. తండ్రి డాక్టరు. ఈయనా వైద్యమే చదివారు.

1868లో, ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే, మనిషి చర్మం ముక్కకు బంగారు లవణంతో రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెట్టారు. చర్మం పైపొరలో చెట్టు కొమ్మల్లా చేతులు చాపిన నల్లని కణాలు కనిపించాయి. ఆ కొమ్మలు చూసి అవి నరాల కణాలు అనుకున్నారు. అది పొరపాటు. బొమ్మ మాత్రం చూసింది చూసినట్టే వేశారు. 1869లో క్లోమంలో కణాల గుంపులు చూశారు. వాటి పనేమిటో తనకు తెలియదని దాచకుండా రాశారు.

తర్వాత ఫ్రైబుర్గ్‌లో ప్రొఫెసరు అయ్యారు. కానీ 1874లో క్షయ పట్టుకుంది. ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. గాలి మార్పు కోసం ఊళ్ళు తిరిగి, చివరికి మదీరా దీవి చేరారు. అక్కడ కూడా ఊరికే కూర్చోలేదు. తనలాంటి క్షయ రోగులకు వైద్యం చేశారు, సముద్రపు పురుగుల మీద పరిశోధన చేశారు. 1888 జూలై 20న మూత్రపిండాల జబ్బుతో చనిపోయారు. ఇంకో ఐదు రోజులుంటే 41 ఏళ్ళు నిండేవి.

ఆ కొమ్మల కణాల అసలు పని నూరేళ్ళ తర్వాత గానీ తేలలేదు. 1973లో రాల్ఫ్ స్టైన్‌మన్ అనే శాస్త్రవేత్త ఎలుక ప్లీహంలో ఇలాంటివే చూసి డెండ్రైటిక్ కణాలు అని పేరు పెట్టారు. ఆ పని మీదే 2011లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇవి మన చర్మానికి కాపలాదారులు. పుండులోంచి క్రిమి దూరితే దాని ముక్కను పట్టుకుని లింఫ్ గ్రంథులకు మోసుకెళ్ళి చూపిస్తాయి. అక్కడి తెల్లకణాలు శత్రువును గుర్తుపట్టి పెరుగుతాయి. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టేది అందుకే. ఒక్కోసారి ఇవి హాని లేనిదాన్ని కూడా శత్రువనుకుంటాయి. గిల్టు దుద్దులు పడక కొందరికి చెవులు దురదపెట్టి రసి కారుతుంది కదా, అది అలా వచ్చేదే.

మన జబ్బ మీద బి.సి.జి. మచ్చ చూసుకోండి. క్షయ రాకుండా ఆ టీకా చర్మంలోనే వేస్తారు. దాని సంగతి లోపలికి మోసుకెళ్ళేది ఈ కొమ్మల కణాలే. ఆయన్ను క్షయ పాడు చేసింది. ఆయన చూసిన జాతి కణాలే ఇప్పుడు క్షయ మీద మనకు కాపలా. ఇది చదివినప్పుడు నాకు చాలాసేపు ఏమీ తోచలేదు.

మిత్రులారా, ఆయన అనుకున్నది తప్పయినా, వేసిన బొమ్మ నిజం కాబట్టే తర్వాతివాళ్ళకు పనికొచ్చింది. నేను ఉల్లిపొర మళ్ళీ చూశాను. రంగు వెయ్యలేదు కాబట్టి కేంద్రకం సరిగ్గా కనపడలేదు. కనపడలేదనే రాశాను. సారు టిక్కు పెట్టారు.

— 9వ తరగతి విద్యార్థి