ఇమ్మానువేల్ శేఖరన్: శాంతి సమావేశం మర్నాడే హత్య

ఇమ్మానువేల్ శేఖరన్ 1924 అక్టోబర్ 9న తమిళనాడులోని రామనాథపురం ప్రాంతంలో, సెల్లూరు గ్రామంలో దళిత కుటుంబంలో పుట్టారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. సైన్యంలో పనిచేశారు. ఊరికి తిరిగొచ్చి అంటరానితనంపై జనాన్ని కూడగట్టారు.

1957లో ముదుకుళత్తూరు ప్రాంతంలో కుల ఘర్షణలు చెలరేగాయి. సెప్టెంబర్ 10న కలెక్టర్ శాంతి సమావేశం పెట్టారు. అందులో ముత్తురామలింగ తేవర్ ఎదుట శేఖరన్ సమాన హోదాలో నిలబడి మాట్లాడారు. మర్నాడు రాత్రి పరమకుడిలో ఆయన్ని నరికి చంపారు. అప్పటికి ఆయన వయసు 32 ఏళ్లు.

హత్య కేసులో తేవర్‌ను మొదటి నిందితుడిగా చేర్చారు. 1959లో కోర్టు ఆయన్ని నిర్దోషిగా తేల్చింది.

ఈ కేసు నుంచి మనం తెలుసుకోవాల్సిన చట్టం ఉంది. ఐపీసీ 300 (ఇప్పుడు బీఎన్ఎస్ 101) ప్రకారం హత్యానేరానికి ముందస్తు పథకం తప్పనిసరి కాదు. చంపాలన్న ఉద్దేశం అప్పటికప్పుడు పుట్టినా చాలు. కానీ ముందస్తు ఆలోచన లేకుండా, హఠాత్తుగా రేగిన కొట్లాటలో, ఆవేశంలో, క్రూరత్వం చూపకుండా చంపారని తేలితే నేరం తీవ్రత తగ్గుతుంది. కులహత్యల్లో నిందితుల లాయర్లు తరచూ పట్టుకునే దారి ఇదే. ఇక ఘటనా స్థలంలో లేని వ్యక్తికి శిక్ష పడాలంటే కుట్రనో ప్రేరేపణనో విడిగా రుజువు చేయాలి.

అందుకే ముందురోజు బెదిరింపు, ఆయుధాలు తెచ్చిన తీరు, కాపుకాసిన చోటు మొదటి ఫిర్యాదులోనే రాయించాలి. ఏటా సెప్టెంబర్ 11న పరమకుడిలో ఆయన సమాధి దగ్గరికి జనం తరలివస్తారు. ఆ స్మృతితో పాటు ఈ జాగ్రత్తనూ మోసుకెళ్లాలి.