దుర్గాబాయి దేశముఖ్

గోస్తనీ తీరమునందలి తగరపువలస నుండి విశాఖపట్టణము చేరినచో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయము కానవచ్చును. దుర్గాబాయి అచ్చట చదువగోరినపుడు విద్యార్థినులకు వసతిగృహము లేదనిరి. ఆమె వెనుదిరుగలేదు. పత్రికలో ప్రకటన చేసి, చదువు కోరు మరికొందరు యువతులను కూడగట్టి, వసతి నేర్పరచుకొని ప్రవేశము సంపాదించెను. 1939లో రాజనీతిశాస్త్రమున పట్టము పొందెను.

1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు ఎనిమిదవ యేటనే పెండ్లి చేసిరి. ఈడు వచ్చిన పిమ్మట ఆ కాపురము తనకు తగదని గ్రహించి, ఆ సంగతి దాపరికము లేక భర్త సుబ్బారావునకు తెలిపి, మరియొకరిని వివాహమాడుమని కోరెను. తండ్రియు సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. ఆ దినములలో అది ఎంత సాహసమో నేటి బాలబాలికలు ఊహింపజాలరు. అయినను ఆ విడిపోవుటలో పగ లేదు. సుబ్బారావు గతించిన తరువాత ఆయన ద్వితీయ భార్య చేతిపని నేర్చి తన కాళ్లపై నిలుచుటకు తోడ్పడినది దుర్గాబాయియే. సవతి యను మాటకు లోకమునందున్న అర్థము నెరిగినవారికి ఇది సామాన్య విషయముగా తోచదు.

ఉప్పు సత్యాగ్రహ కాలమున మధుర చెరసాలలో ఆమె హత్యానేరమునకు శిక్షపడిన స్త్రీలను చూచెను. చట్టమెరుగక, తమ తరపున పలుకువారు లేక చిక్కుకొన్నవారు వారిలో నుండిరి. న్యాయశాస్త్రము చదువవలెనను సంకల్పము అచ్చట కలిగినది. 1942లో మద్రాసున అది నెరవేరినది. ఆంధ్ర మహిళాసభ, రాజ్యాంగ పరిషత్తు, ప్రణాళికా సంఘము, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, వీనియందు ఆమె చేసిన సేవ అందరెరిగినదే. 1953లో చింతామణి దేశముఖ్‌ను వివాహమాడెను.

ఆ యేడే చైనా దేశమునకు పోయి అచ్చటి కుటుంబ న్యాయస్థానములను పరిశీలించెను. మనదేశమున అప్పుడు ఆలుమగల వ్యాజ్యములు పొలము గట్టు తగాదాల వలెనే నడుచుచుండెను. సాక్షులు, ఎదురు ప్రశ్నలు, వాయిదాలు! తీర్పు వచ్చునాటికి కలియదగిన మనసులు సైతము విరిగిపోవును. నడుమ బిడ్డలు నలిగిపోవుదురు. ఇట్టి తగవులకు వేరు న్యాయస్థానములు కావలెనని ఆమె న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్‌లతోను, ప్రధాని నెహ్రూతోను చర్చించెను. ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలో వర్జీనియా సాటిర్ మున్నగువారు, బాధపడు ఒక్కరినే గాక కుటుంబమంతటిని ఎదుట కూర్చుండబెట్టి మాటలాడు చికిత్సను పెంపొందించుచుండిరి. వారిది వైద్యుల మార్గము, ఈమెది చట్టము చూపు మార్గము.

అయితే చట్టము త్వరగా రాలేదు. 1981 మే 9న దుర్గాబాయి కాలధర్మము నొందెను. 1984లో కుటుంబ న్యాయస్థానముల చట్టమును పార్లమెంటు ఆమోదించినది. దాని ననుసరించి న్యాయాధిపతి మొదట ఇరువురికిని రాజీ కుదుర్ప యత్నింపవలెను. వకీలును పెట్టుకొనుట అచ్చట హక్కు కాదు. కక్షిదారులలో ఎవరు కోరినను విచారణ మూసిన తలుపుల వెనుక జరుగును. విశాఖపట్టణమునను అట్టి న్యాయస్థానము కలదు.