చిత్రకారుడు దామెర్ల రామారావు

గద్వాల సంస్థానము పండితులకును కవులకును పుట్టినిల్లని మన ప్రాంతమున నెఱుగనివారు లేరు. ప్రభువులు పద్యము విని సన్మానించిన కథలు వినుచు పెరిగినవారము. కాని తెలుగు చిత్రకారు నొక్కని పేరు చెప్పుడన్నచో మనలో పెక్కుమంది తడుముకొందురు. పద్దులు వ్రాయు చేతికి రంగుల మర్మ మేమి తెలియును? అయినను మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆ కొరత యుండరాదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

రామారావు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. అతని చేతిలోని విద్యను గుర్తెఱిగినవాడు అచ్చటి ప్రభుత్వ కళాశాలాధ్యక్షుడగు ఆస్వల్డు కూల్డ్రే దొర. ఆంగ్లేయుడయ్యును మన కళలయందు మక్కువ గలవాడు. అడివి బాపిరాజుగారికిని ఆయనయే గురువు. దొర ప్రోత్సాహమున రామారావు 1916లో బొంబాయి జే.జే. చిత్రకళాశాలలో చేరి, మనుష్యు నెదుట కూర్చుండబెట్టుకొని అవయవముల పొందికను, వెలుగునీడలను యథాతథముగ వ్రాయు పాశ్చాత్య పద్ధతిని అభ్యసించెను.

చదువు ముగిసిన పిమ్మట బొంబాయిలోనే నిలిచి ధనవంతుల రూపచిత్రములు వ్రాసికొన్న సుఖముగ బ్రతుకవచ్చును. అతడు గోదావరి గట్టునకే తిరిగివచ్చెను. ఆ దినములలో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుడు వంగదేశపు పద్ధతిని నేర్పుచుండెను. అందు రంగులు మంచుతెరవలె మసకగా పరచుకొనును. రామారావు రేఖ యట్టిది కాదు, స్పష్టమైనది. బొంబాయిలో నేర్చిన దేహజ్ఞానమును తెలుగువారి కట్టుబొట్టులతో మేళవించి, పురాణ కథలను, చారిత్రక పురుషులను వ్రాసెను.

"సిద్ధార్థ రాగోదయము" అను చిత్రమునే చూడుడు. బుద్ధుని వ్రాయువారు సాధారణముగ ధ్యానముద్రనో, అర్ధరాత్రి గృహత్యాగమునో ఎన్నుకొందురు. ఇత డెన్నుకొన్నది రాకుమారుని హృదయమున ప్రేమ యంకురించిన క్షణము. తరువాత విడువబోవునది ఎంతటిదో తెలిసిననే గదా ఆ త్యాగము మనకు బోధపడును! ఋష్యశృంగుని చిత్రమునను అంతే. స్త్రీ నెఱుగని మునికుమారుడు వశుడగు ఘట్టమును ఎన్నుకొనెను.

భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు చిత్రలేఖనము సాగించిరి. స్వగ్రామమున అతడు చిత్రకళాశాలను నెలకొల్పి యువకులకు నేర్పసాగెను. అంతలో మశూచికము సోకినది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మరణించెను. లెక్క చూచితిని: 28 ఏండ్లు నిండుటకు ఇంకను 30 దినములుండెను. బొంబాయి చదువు పోగా సొంతముగ పనిచేసిన కాలము నాలుగైదేండ్లకు మించదు.

అట్టి మరణము తరువాత చిత్రములు తలకొకటి చొప్పున చెదరిపోవుట లోకసహజము. మిత్రుడు వరదా వెంకటరత్నము మొదలగువారు వానిని ఒక్కచోట నిలిపి కాపాడిరి, కళాశాలను సాగించిరి. రాజమహేంద్రవరమున అతని పేరనే చిత్రశాల యొకటి వెలసినది. గోదావరీ స్నానమునకు పోవు మన గట్టువాసులు కోటిలింగాల రేవుతో వెనుదిరుగక, ఒక పూట అచ్చటను గడపి రావలెనని నా కోరిక.