ఋణం తీర్చుకున్న విద్యార్థిని - త్సుదా ఉమెకో

ప్రభుత్వ సహాయంతో విదేశాలకు వెళ్ళి ఉన్నత విద్య నభ్యసించడం నేడు సామాన్య కుటుంబాల పిల్లలకు సైతం అందుబాటులోనికి వచ్చిన భాగ్యం. కాని 1871లో, స్త్రీవిద్యకు ఆదరణ అంతంతమాత్రంగా ఉన్న రోజులలో, జపాను ప్రభుత్వం ఐదుగురు బాలికలను చదువు నిమిత్తం అమెరికాకు పంపింది. వారిలో అందరికంటె చిన్నది త్సుదా ఉమె. నాటికి ఆమెకు ఏడేళ్ళు కూడ నిండలేదు. జపానులో స్త్రీల ఉన్నత విద్యకు పునాదులు వేసినవారిలో ఒకరైన ఆమె జీవితం, పరభాషా ప్రాంతంలో తెలుగు బోధిస్తున్న మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో స్మరించుకోదగినది.

ఉమె 1864 డిసెంబరు 31న నేటి టోక్యో నగరంలో జన్మించింది. ఆమె పేరుకు జపాను భాషలో ప్లం చెట్టు అని అర్థం. తండ్రి త్సుదా సెన్ వ్యవసాయ శాస్త్రంలో అభిరుచి గలవాడు. 1867లో అమెరికా చూచి వచ్చినవాడు. బాలికలను పంపే యోచన తెలిసినంతనే తన కుమార్తె పేరు ఇచ్చాడు. చదువు గడువు పది సంవత్సరాలు, వ్యయమంతా ప్రభుత్వానిదే. రాబోయే తరాల తల్లులు విద్యావంతులైతే దేశం పురోగమిస్తుందన్నది నాటి పాలకుల ఆశయం. ఇవాకురా దౌత్యబృందంతోపాటు బాలికలు యొకొహామాలో ఓడ ఎక్కారు. ఆ సముద్ర ప్రయాణంలోనే ఉమెకు ఏడేళ్ళు నిండాయి.

ఐదుగురిలో పెద్దవారిద్దరు అనారోగ్యంతో 1872లోనే తిరిగి వచ్చారు. మిగిలిన ముగ్గురు, యామకావా సుతెమత్సు, నాగాయ్ షిగెకో, ఉమె, జీవితాంతం అక్కచెల్లెళ్ళవలె మెలిగారు. వాషింగ్టన్ సమీపంలోని జార్జ్‌టౌన్‌లో ఛార్లెస్ లాన్‌మన్ దంపతులు ఉమెను కన్నబిడ్డవలె పెంచారు. ఆంగ్లం, లాటిన్, గణితం, సంగీతం ఆమెకు అబ్బాయి. అయితే ఆ పదకొండేళ్ళలో ఆమె మాతృభాషను మరచిపోయింది.

1882 నవంబరులో స్వదేశంలో అడుగుపెట్టిన పదునేడేళ్ళ యువతి కన్నతల్లితో మాట్లాడడానికి దుబాసీని ఆశ్రయించవలసి వచ్చింది. ఏ పసితనంలో చదువు ప్రసాదించారో ఆ పసితనంలోనే భాష చేజారిపోయింది. ఎంతో దూరదృష్టితో రూపొందిన ఆ పథకంలో ఈ నష్టాన్ని ఎవరూ లెక్కించలేదు. పైగా ఆమెను పంపిన ప్రభుత్వ శాఖ అప్పటికే రద్దయింది. విదేశాలలో చదివి వచ్చిన పురుషులకు పదవులు సిద్ధంగా ఉండగా, ఈ యువతులకు ఏ పని అప్పగించాలో ఎవరికీ తోచలేదు. ఉమె నిరుత్సాహపడలేదు. జపాను భాషను మొదటినుండి నేర్చుకొన్నది. ఇతో హిరోబూమి ఇంట కొంతకాలం ఆంగ్లం బోధించి, 1885లో ప్రభువంశీయ బాలికల పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరింది.

ఆ ఉద్యోగం గౌరవప్రదమైనదే. కాని ఆమె జ్ఞానతృష్ణ తీరలేదు. 1889లో సెలవుపై మరల అమెరికా వెళ్ళి, ఫీజు మినహాయింపుతో బ్రిన్ మార్ మహిళా కళాశాలలో జీవశాస్త్రం చదివింది. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన థామస్ హంట్ మోర్గాన్‌తో కలిసి కప్పగ్రుడ్డుపై ఆమె చేసిన పరిశోధన 1894లో ప్రచురితమైంది. ఓస్విగో నగరంలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బోధనా పద్ధతులను కూడ అభ్యసించింది.

పరిశోధన కొనసాగించవలసిందిగా కళాశాలవారు కోరినా, 1892లో ఆమె స్వదేశానికే తరలి వచ్చింది. అయితే వచ్చేముందు ఒక మహత్కార్యం సాధించింది. తనకు లభించిన అవకాశం తనతో ఆగిపోరాదని తలచి, ఫిలడెల్ఫియా మహిళల సహకారంతో 8,000 డాలర్ల నిధి సమకూర్చింది. అసలు కదలకుండా, వడ్డీతో ఒక్కొక్క జపాను యువతిని అమెరికాలో చదివించడం దాని పద్ధతి. ఆ నిధితో చదివిన వారిలో మత్సుదా మిచి దోషిషా మహిళా కళాశాలకు అధిపతి అయింది. కవాయ్ మిచి 1929లో కెయ్‌సెన్ పాఠశాలను స్థాపించింది. హోషినో ఆయ్ ఉమె స్థాపించిన విద్యాలయానికే సారథ్యం వహించింది.

ఆ విద్యాలయం 1900 సెప్టెంబరులో టోక్యోలో ఒక అద్దె ఇంట పదిమంది విద్యార్థినులతో ప్రారంభమైంది. సుతెమత్సు పెరిగిన అమెరికా గృహానికి చెందిన ఆలిస్ బేకన్ వేతనం తీసుకోకుండా పాఠాలు చెప్పింది. 1902 నుండి ఉమెకోగా పేరు మార్చుకొన్న ఆమె, ఆంగ్ల బోధనతోపాటు స్వతంత్రంగా ఆలోచించడం నేర్పింది. 1905 నాటికి ఆ విద్యాలయ పట్టభద్రులకు పరీక్ష లేకుండానే ఆంగ్లోపాధ్యాయ యోగ్యతా పత్రం లభించే గుర్తింపు వచ్చింది. మహిళా విద్యాలయాలలో ఆ గౌరవం పొందినది అదే మొదటిది.

1917 నుండి అస్వస్థతకు లోనై, 1919లో ఆమె బాధ్యతల నుండి వైదొలగింది. 1923 భూకంపంలో విద్యాలయ భవనాలు దగ్ధం కాగా, సహోపాధ్యాయిని ఆనా హార్ట్స్‌హార్న్ అమెరికా వెళ్ళి నిధులు సేకరించింది. 1929 ఆగస్టు 16న ఉమెకో కన్నుమూసింది. పదిమందితో మొదలైన ఆ బడి నేడు త్సుదా విశ్వవిద్యాలయం. 2024లో జపాను ప్రభుత్వం 5,000 యెన్‌ల నోటుపై ఆమె చిత్రం ముద్రించింది.

ఈ జీవితం తల్లిదండ్రులమైన, ఉపాధ్యాయులమైన మనకు రెండు విషయాలు తెలియజేస్తున్నది. పిల్లలను ఎంత దూరం పంపినా, ఇంటికి వచ్చి అమ్మతో మాట్లాడే భాషను వారి వద్ద నిలిపి ఉంచాలి. మన పాఠశాలవంటివి ఇన్ని దశాబ్దాలుగా చేస్తున్నది ఆ పనియే. ఇక రెండవది పూర్వ విద్యార్థులకు చెందినది. ఎవరి సహాయంతోనో చదువుకొని దూరదేశాలలో స్థిరపడినవారు, ఉమెకో వలె, తమ వెనుక వచ్చే ఒక్క బిడ్డ చదువుకైనా మార్గం చూపగలిగితే, ఈ ఉత్సవానికి అంతకు మించిన కానుక ఉండదు.