యంత్ర మర్మజ్ఞుడు జి. డి. నాయుడు

కోయంబత్తూరు సీమలో తరతరములుగా నివసించుచు, ఇంట తెలుగును వీథిలో తమిళమును పలుకు కుటుంబములు వేలకొలది గలవు. అట్టి యొక రైతు కుటుంబమున, కలంగల్ అను పల్లెలో, 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు జన్మించిరి. లోకము ఆయనను జి. డి. నాయుడుగా ఎరుగును. భారతదేశపు ఎడిసన్ అని పలువురు ఆయనను కీర్తించిరి. బిరుదు గొప్పదే కాని, పోలిక కొంతదూరమే సాగును. ఎడిసన్‌కు అతని దేశము అంగడిని చూపినది. నాయుడుగారు కోరిన తలుపులు కొన్ని తుదివరకును తెరచుకొనలేదు.

పసితనముననే తల్లి గతించెను. బడి చదువు ఆ బాలునకు రుచింపలేదు. పొలము పనిలో నుండగా ఒకనాడు తెల్లదొర యొకడు రడ్జ్ మోటారు సైకిలుపై పోవుట చూచిరి. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు. తనంత తాను పరుగిడు ఆ వాహనము ఆయన మనస్సును హరించెను. కోయంబత్తూరు చేరి, హోటలులో పనికి కుదిరి, పైసపైస కూడబెట్టి ఆ బండినే కొనిరి. కొన్నవారందరును సవారి చేయుదురు. నాయుడుగారు దానిని విప్పిరి. ప్రతి మరను వేఱుచేసి, దేని పని యేమో గ్రహించి, మరల యథాస్థానమున బిగించిరి. ఆయనకు కళాశాల అదియే, పట్టాయు అదియే.

1920లో రాబర్టు స్టేన్సు అను ఆంగ్ల వర్తకుని చేయూతతో ఒక బస్సును సంపాదించి, పొల్లాచ్చి నుండి పళనికి దానిని తామే నడిపిరి. ఆ యొక్క బస్సే క్రమముగా యూనివర్సల్ మోటార్ సర్వీసు అను పెద్ద సంస్థయైనది. మాడుగుల దాటి పాడేరు కొండలెక్కు నేటి బస్సులోని ప్రయాణికుడు కుదుపులకు విసుగుకొనవచ్చును. కాని గతుకునకును తనకును నడుమ ఎన్ని సాధనములు నిలిచి ఆ దెబ్బను మ్రింగుచున్నవో అతడు తలపడు. ఆనాటి బండ్లకు ఇరుసును పట్టి నిలుపు కమాను పట్టీలే శరణ్యము. మట్టిబాటలలో అవి క్రుంగును, విరుగును. ఇరుసు ఒకింత జరిగినను బండి ఒక ప్రక్కకు లాగును, టైరు ఒరసి అరిగిపోవును. విడిభాగములు సముద్రములు దాటి రావలసిన ఆ కాలమున, బస్సు నడుపువాడు మరమ్మతు నేర్వక గత్యంతరము లేదు.

తరువాతి కాలమున వేగమునకై నిర్మించిన స్పోర్ట్స్ కార్లలో ప్రతి చక్రమును విడివిడిగా పట్టి నిలుపు కంట్రోల్ ఆర్ములు వచ్చినవి. కారు ముసలిదైన కొలది స్ప్రింగులు క్రుంగును, రబ్బరు బుష్షులు అరుగును, చక్రము ఒక వైపునకు వాలును. కర్మాగారమిచ్చిన ఆర్ము పొడవు సాధారణముగా మారదు. అందుచే బయటి తయారీదారులు మరచుట్లు గల ఆర్ములను చేసి అమ్ముచున్నారు. బిగింపు నట్టును సడలించి మరను త్రిప్పినచో పొడవు పెరుగును, లేదా తగ్గును. చక్రపు వాలు సరిపడును. అయితే కొలత తెలియక అతిగా త్రిప్పినచో టైరు మరియొక అంచున అరుగును. నాయుడుగారి పేర అట్టి ఆర్ము ఏదియు లేదు. కాని దాని వెనుకనున్న భావము ఆయన జీవితమంతట కానవచ్చును: తయారుచేసినవాని కొలతయే తుది కొలత కాదు, వాడుకలో చెడినదానిని వాడువాడు సరిదిద్దుకొనవచ్చును.

ఆ భావమే ఆయనను ఒక వస్తువు నుండి మరియొక వస్తువునకు నడిపించెను. 1936లో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను చలనచిత్రముగా తీసిరి. కెమెరాలో దూరమును సర్దు సాధనమును కల్పించిరి. 1937లో కోయంబత్తూరు పీలమేడులో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి, ఈ దేశముననే తయారైన తొలి విద్యుత్ మోటారును వెలువరించిరి. బ్యాటరీతో నడచు క్షౌరయంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, పండ్ల రసము తీయు యంత్రము, మోసమునకు తావీయని ఓటు యంత్రము ఆయన బుద్ధి నుండి పుట్టినవే. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే అందింపగలనని 1941లో ప్రకటించిరి. పత్తి, బొప్పాయి పంటలపైనను ఆయన ప్రయోగములు సాగినవి.

బడి విడిచిన ఆయనయే 1945లో కోయంబత్తూరున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేర ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పిరి. నాలుగేండ్ల చదువును రెండేండ్లలో ముగింపవచ్చునని, మిగిలిన కాలము వృథాయని ఆయన వాదించిరి. ప్రభుత్వము సమ్మతింపలేదు, ఆయన తొలగిపోయిరి. ఆ విద్యాలయమే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

అన్నిటికంటె మనస్సును కలచునది 1952 నాటి కారు కథ. ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారును రెండువేల రూపాయలకే అందింపవచ్చునని ఆయన సిద్ధపరచిరి. పరిశ్రమల నియంత్రణకై 1951లో చేసిన చట్టము అప్పుడే అమలునకు వచ్చియుండెను. పెద్ద పరిశ్రమకు లైసెన్సు కావలెను. అది ఆయనకు లభింపలేదు. కొత్త దేశమునకు పెట్టుబడి స్వల్పము, విదేశీ ద్రవ్యము మఱింత స్వల్పము. దేనిని ముందు నిర్మింపవలెనో నిర్ణయించు భారము ప్రభుత్వముపై నుండెను. ఆ న్యాయమును కాదనలేము. అయినను సామాన్యుని ఇంటి ముంగిటికి రావలసిన బండి నమూనాగానే నిలిచిపోవుట దేశమునకు నష్టమే.

పన్నుల భారమునకు నిరసనగా ఆయన తాము చేయించిన వస్తువులను జనుల యెదుట పగులగొట్టించిరి. ఆ కోపమును అర్థము చేసికొనవచ్చును, మెచ్చుకొనజాలము. విప్పినదానిని మరల బిగించుటతో మొదలైన జీవితమున, మరల బిగింపరాని పని అది యొక్కటియే కావచ్చును. అక్కడ ఆయన మరను అతిగా త్రిప్పిరి.

1974 జనవరి 4వ తేదీన, ఎనుబదేండ్ల ప్రాయమున, నాయుడుగారు కన్నుమూసిరి. ఆయన పేరిట వెలసిన ధర్మసంస్థ 2015లో కోయంబత్తూరున పాత కార్ల ప్రదర్శనశాలను తెరచినది. దేశదేశముల బండ్లు అచట తళతళలాడుచు నిలిచియున్నవి. కాని ఆ మహనీయుని అసలు స్మారకము వేఱొకచోట గలదు. బాట ప్రక్కన రేకుల క్రింద, నూనె మరకల చేతులతో, ఎవడో కుఱ్ఱడు మొదటిమారు ఒక యంత్రమును విప్పుచుండును. దానిని మరల బిగింపగలుగు దాక వానిని ఎవరును గద్దింపకున్న చాలును.