మన సీనియర్ రాజా దీన్ దయాళ్

పర్ణశాలలో బంగారు లేడి బొమ్మ పక్కన ఫొటో దిగేవాళ్లని ఎప్పుడైనా గమనించారా? అప్పటిదాకా గోదారి ఒడ్డున గోల గోలగా తిరిగినవాళ్లు కెమెరా ఎత్తగానే బిగుసుకుపోతారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు, మెడ కర్రలా నిలబడుతుంది. ప్లేస్‌మెంట్ల సీజన్లో మనం రెజ్యూమె కోసం దిగే ఫొటోలదీ ఇదే కథ. ఈ బిగువుతో జీవితమంతా వేగిన ఒకాయన మన సికింద్రాబాదులో ఉండేవాడు. పైగా ఇంజనీరింగ్ చదివినవాడు. ఆ లెక్కన మనందరికీ సీనియర్. పేరు రాజా దీన్ దయాళ్.

1844లో మీరట్ దగ్గర సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివాడు. ఇవాళ్టి ఐఐటీ రూర్కీ అదే. 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరి ఎస్టిమేట్లు వేస్తూ, డ్రాయింగులు గీస్తూ గడిపాడు. ముప్పై ఏళ్ల వయసులో, 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. ఇండోర్‌లో ఉన్న ఆంగ్లేయ అధికారి సర్ హెన్రీ డేలీ ఆయన్ని ప్రోత్సహించాడు. తర్వాత లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య భారతమంతా తిరిగి కోటల్నీ, గుళ్లనీ ఫొటోలు తీశాడు. ఏ గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కొలిచి చూసే డ్రాఫ్ట్స్‌మన్ కన్ను ఆ ఫొటోల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

కట్టడం కదలదు కాబట్టి దానితో పేచీ లేదు. మనిషితోనే కష్టం. ఆయన నేర్చుకునే రోజుల్లో తడి పలకల పద్ధతి ఉండేది. గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి లవణంలో ముంచి, ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడగాలి. వెలుగును బట్టి కొన్ని సెకన్లపాటు మనిషి కదలకూడదు. అందుకే స్టూడియోల్లో తల కదలకుండా వెనక ఇనుప ఊత పెట్టేవాళ్లు. పాత ఫొటోల్లో తాతలు ఎందుకంత గంభీరంగా ఉంటారో ఇప్పుడు అర్థమైందా? అన్ని సెకన్లు నవ్వు నిలబెట్టడం ఎవరి తరం? 1880లలో పొడి పలకలు వాడుకలోకి వచ్చాక ఆ సమయం బాగా తగ్గింది. మనిషి కాస్త ఊపిరి పీల్చుకోగలిగాడు.

సరిగ్గా ఆ కాలంలోనే దీన్ దయాళ్ సర్కారీ కొలువు వదిలేసి హైదరాబాద్ వైపు వచ్చాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నాడు. సికింద్రాబాదులో స్టూడియో వెలిసింది. నవాబులు, దొరలు, సైనికాధికారులు వచ్చి కూర్చునేవాళ్లు. ఒకరి చెయ్యి కుర్చీ మీద, ఒకరిది కత్తి పిడి మీద, మరొకరిది బల్ల అంచున. చేతికి ఒక పని దొరికితే భుజం దానంతటదే దిగుతుంది. ఈ చిన్న కిటుకు ఈరోజుకీ పనిచేస్తుంది.

ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా అనిపించేది 1892 నాటిది. హైదరాబాదులో ఆడవాళ్ల కోసమే ఒక జనానా స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల ఫొటో తీసేది ఒక ఆంగ్లేయ మహిళ. పరదా చాటున బతికే స్త్రీ పరాయి మగాడి ముందు ముఖం చూపించి స్థిమితంగా కూర్చోగలదా? కూర్చోలేదు. అప్పుడు ఆమె రూపం ఆమెతోనే పోతుంది. ఆయన ఆమెను ధైర్యం తెచ్చుకోమని ఒత్తిడి పెట్టలేదు, భయపడాల్సిన అవసరం లేని గది కట్టించాడు. ఇంజనీరు బుద్ధి అంటే ఇదే కదా!

1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదు ఇచ్చాడు. 1897లో విక్టోరియా రాణి నుంచి కూడా గుర్తింపు అందింది. బొంబాయిలోనూ స్టూడియో తెరిచాడు. 1902లో మన వరంగల్ వైపు నెక్కొండ అడవిలో వేటాడిన పులితో కర్జన్ దంపతులు దిగిన ప్రసిద్ధ ఫొటో ఆయన స్టూడియోదే. అదే కెమెరా నిజాం రాజ్యంలో కరువు బాధితుల దగ్గరికీ వెళ్లింది. రాజుకు సింహాసనం ఉంది, చేతికి కత్తి ఉంది. కరువు మనిషికి ఆనుకోవడానికి ఏమీ లేదు. ఆ రెండు రకాల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే, కెమెరా ముందు ధీమా అనేది ముఖంలోంచి మాత్రమే రాదని తెలుస్తుంది.

చివరి రోజులు సుఖంగా గడవలేదు. 1904లో కొడుకు ధరమ్ చంద్ పోయాడు. మరుసటి ఏడు, 1905 జూలైలో దీన్ దయాళ్ కన్నుమూశాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వేసింది.

రేపు క్లాసులో ఎవరికైనా ఫొటో తీసేటప్పుడు, నవ్వరా అని అరిచే ముందు ఒక్క నిమిషం ఆగండి. వాడికి ఓ కుర్చీ లాగండి, మెత్తటి వెలుగొచ్చే కిటికీ పక్కకు జరపండి, చుట్టూ మూగిన గుంపును బయటికి పంపండి. మిగతాది వాడి ముఖమే చూసుకుంటుంది.