చక్రం వదిలిన కెప్టెన్

ఫస్ట్ ఇయర్‌లో ఒక హ్యాకథాన్ ఓడిపోయాం. ఆ రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఎవరి వల్ల పోయిందో తేల్చే పని పెట్టుకున్నాం. టీమ్ లీడర్ని నేనే. అందరి తప్పులూ వరసగా చెప్పాను, నావి తప్ప. తెల్లవారుజామున నాలుగింటికి కళ్ళు మూతలు పడుతున్నా కీబోర్డు ఎవరికీ ఇవ్వలేదన్న మాట మాత్రం ఎత్తలేదు. కొన్నాళ్ళకి హెరాల్డ్ వాండర్‌బిల్ట్ గురించి చదివాను. ఆ రాత్రి మళ్ళీ గుర్తొచ్చింది.

వాండర్‌బిల్ట్ 1884లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. రైల్వేలతో కోట్లు గడించిన కుటుంబం. పేకాట తెలిసినవాళ్ళకి ఆయన వేరేలా తెలుసు. కాంట్రాక్ట్ బ్రిడ్జి స్కోరింగ్‌కి 1925లో ఒక ఓడ ప్రయాణంలో పునాది వేసింది ఆయనే. పడవ పందెంలోనూ లెక్కల మనిషే. తెరచాప పడవని గీత దగ్గర ఆపి ఉంచడం కుదరదు. అందుకని గీత నుంచి ఎంతసేపు వెనక్కి పోయి, ఎప్పుడు తిరిగితే తుపాకీ పేలే క్షణానికి సరిగ్గా చేరతామో గడియారం చూసి లెక్క కట్టేవాడు. ఆ స్టార్ట్‌కి ఆయన పేరే ఉండిపోయింది.

1930లో అమెరికాస్ కప్ గెలిచాడు. 1934 సెప్టెంబరులో న్యూపోర్ట్ దగ్గర మళ్ళీ పోటీ. ఆయన పడవ రెయిన్‌బో. ఎదురుగా ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎండెవర్, దాని కెప్టెన్ విమానాల తయారీదారు థామస్ సాప్‌విత్. ముందు నాలుగు పందేలు గెలిచినవాళ్ళదే కప్పు. మొదటి రెండూ ఎండెవర్‌వే. మూడోదాంట్లో సగం దూరానికే రెయిన్‌బో 6 నిమిషాలకు పైగా వెనకబడింది.

అప్పుడు వాండర్‌బిల్ట్ చక్రాన్ని తన జట్టులోని షెర్మన్ హాయ్ట్ చేతికిచ్చి కిందికి వెళ్ళిపోయాడు. గాలి చాలా తక్కువగా ఉంది. హాయ్ట్ కావాలనే గాలి వచ్చే వైపుకి ఎక్కువగా జరుగుతూ పోయాడు. సాప్‌విత్‌కి కంగారు పుట్టింది. రెయిన్‌బోకి అడ్డంగా ఉందామని దారి మార్చుకున్నాడు, ఆ తిప్పుడులో ఉన్న వేగం పోగొట్టుకున్నాడు. రెయిన్‌బో దాటేసింది, గెలిచింది.

నాకు నచ్చింది దాని తర్వాత జరిగింది. గెలిచాం కదా, అంతా బాగుందని వాండర్‌బిల్ట్ ఊరుకోలేదు. నాలుగో పందేనికి ముందు పడవ అడుగున బరువు పెంచాడు. ఎంపిక పోటీల్లో తన చేతిలో ఓడిన యాంకీ పడవ డిజైనర్ ఫ్రాంక్ పెయిన్‌ని పిలిచి, ముందు ఉబ్బే పెద్ద తెరచాప పని అప్పజెప్పాడు. చివరికి రెయిన్‌బో 4-2తో గెలిచింది.

మచ్చ లేదని కాదు. నాలుగో పందెంలో సాప్‌విత్ ఫిర్యాదు చేస్తే, జెండా ఆలస్యంగా ఎగరేశారని కమిటీ అసలు విననే లేదు. దాని మీద చాలా గొడవైంది. తర్వాతి కాలంలో వాండర్‌బిల్ట్ ఏ పడవ ఎవరికి దారివ్వాలో చెప్పే నిబంధనలని తిరగరాయడానికి ఏళ్ళు వెచ్చించాడు. 1937లో రేంజర్ పడవతో 4-0గా మళ్ళీ గెలిచాడు. 1970లో పోయాడు.

మా ఆ టీమ్‌లో ఒకడు మళ్ళీ మాతో ఏ పోటీకీ రాలేదు. ఆ రాత్రి నేను ఎక్కువగా తప్పులెంచింది వాడివే. మ్యాగజైన్ వాడు కూడా చదువుతాడు. ఒరేయ్, ఆ రోజు నాలుగింటికి కీబోర్డు నీకు ఇవ్వాల్సింది.